ఎద్దును లేచేటప్పుడు చూడాలె

పెబ్బేరు సంతలో ఎద్దు పళ్లు చూడటం అందరికీ వచ్చు. నోరు తెరిచి రెండు పళ్లదా, నాలుగు పళ్లదా అని చెప్పడానికి పెద్ద విద్య అక్కర్లేదు. కిష్టయ్య పళ్ల దాకా పోయేవాడే కాదు. శనివారం పొద్దు పొడవక ముందే సంతకు చేరుకుని, ముందురోజు దిగిన పశువులు ఇంకా పడుకొని ఉండగానే వాటి మధ్య తిరిగేవాడు. మనసుకు వచ్చిన ఎద్దు కనిపిస్తే కొంచెం దూరంలో గొంతుకూర్చొని, అది తనంతట తాను లేచేదాకా ఎదురుచూసేవాడు. మోకాళ్ల మీద ఊని నడుము ఎలా ఎత్తుతుంది, ముందుకాళ్లు ఎలా నిలబెడుతుంది, లేచాక మొదటి అడుగు ఎక్కడ వేస్తుంది. ఆయనకు అది చాలు. నడిపించి తెచ్చిన ఎద్దును ఎంతసేపు చూసినా దాని కుంటు కనపడదనీ, ఒళ్లు వేడెక్కితే ముసలిది కూడా కోడెలాగే నడుస్తుందనీ చిన్నప్పుడు ఆయనకు మేనమామ నేర్పాడు. "ఎద్దును లేచేటప్పుడు చూడాలె, మనిషిని తిన్నంక చూడాలె" అనేవాడట ఆ మేనమామ. రెండో మాట కిష్టయ్యకు ఎప్పుడూ సరిగా ఒంటబట్టలేదు.

ఆయన పేరుతో పాటు ఇంకో సంగతి కూడా ఊళ్లు తిరిగింది. సంతలో ఒక కట్టుబాటు ఉంది. కొనేవాడు ఎద్దు వీపు మీద చెయ్యి వేసి "ఏబు చెప్పు" అని అడిగితే, అమ్మేవాడు కూడా చెయ్యి వేసి దాని లోపం చెప్పాలి. పొడిచే గుణమైనా, కాడి కింద పండుకునే గుణమైనా దాచకూడదు. కానీ అడిగితేనే చెప్పాలి. అడగనివాడికి చెప్పకపోవడం తప్పు కాదు. సంతలో చాలామంది ఆ సందులోంచే గట్టెక్కుతారు. కిష్టయ్య అడగకముందే చెప్పేవాడు. "దీనికి ఎడమ కన్ను జర మందం. కాడికి ఎలపట దిక్కు కట్టుకుంటె పని చేస్తది" అనేవాడు. అలా అన్నందుకు చేతికొచ్చిన బేరాలు చెడిపోయిన రోజులున్నాయి. అయినా వీపనగండ్ల నుంచి కొత్తకోట దాకా ఎద్దు కొనదలచినవాళ్లు ముందు ఆయన ఇంటికే వచ్చేవాళ్లు. ఒక చాయ్ తాగించి, బీడీ కట్ట చేతిలో పెట్టి, సంతకు వెంటబెట్టుకుపోయేవాళ్లు. ఆయనకున్నది మెట్ట మీద కొంచెం చేను. ఊళ్లో ఆయన తలెత్తుకు తిరిగింది ఆ చేను వల్ల కాదు, ఆ చూపు వల్ల.

తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. సంతలో ఎద్దుల వరసలు తగ్గి మేకలు, గొర్రెలు పెరిగాయి. కిష్టయ్య శనివారం మానలేదు. పోయి రేకుల కింద కూర్చొని, మధ్యాహ్నం బస్సుకు వచ్చేవాడు. "ఎవరన్న పిలిచిన్రా మామా?" అని కోడలు జములమ్మ అడిగితే, "ఎండకు జనమే లేరు బిడ్డా" అనేవాడు. వానాకాలంలో కూడా అదే మాట.

జములమ్మది కూలి గుంపు. ఊళ్లో ఆడవాళ్లను పోగేసి కృష్ణ దాటి గద్వాల వైపు సీడు పత్తి చేలల్లోకి క్రాసింగు పనికి తీసుకుపోయేది. ఆ పని గడియారం కంటే పువ్వును ఎక్కువ నమ్ముకున్న పని. మధ్యాహ్నం నుంచి ఆడ చెట్ల మొగ్గలు ఒలిచి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడుగుతారు. తెల్లారి మగ పువ్వు విచ్చుకోగానే తెంపి ఆ ఒలిచిన మొగ్గలకు రుద్దుతారు. ఎండ ముదిరేలోపు రుద్దకపోతే నిన్నటి పనంతా రాలిపోతుంది. రేపు చేద్దామంటే ఆ మొగ్గకు రేపు అంటూ ఉండదు. అద్దె ఆటోవాడేమో పెళ్లి బేరం వస్తే చెప్పకుండా పోయేవాడు. చేను ఆసామి ఈసారి ముందే తేల్చి చెప్పాడు: "పువ్వు ఇచ్చే యాళ్లకు మీ ఆడోళ్లు చేన్ల ఉంటె ఈ పంట కారంత పని మీదే. ఒక్క రోజు తప్పినా వేరే గుంపును పిలుస్త."

జములమ్మ మొగుడు వెంకట్రాములు డ్రైవరు. ఇన్నేళ్లుగా నడిపింది వేరేవాళ్ల బండ్లే. సొంత బండి ఒకటుంటే గుంపు నిలబడుతుందని ఇద్దరూ అనుకున్నారు. కొత్తది కొనే తాహతు లేదు. నాగర్‌కర్నూల్‌లో పాత జీపు ఒకటి ఉందని తెలిసింది. బాగా తిరిగిన బండి. వెంకట్రాములు వనపర్తిలో తనకు తెలిసిన మెకానిక్ శ్రవణ్ కుమార్‌ను అడిగాడు. "తిరిగిన బండి తీస్కునుడు తప్పు కాదన్నా. ఎట్ల తిరిగిందో తెల్వక తీస్కునుడు తప్పు. కొనెటందుకు ముందు ఒక్కపారి నా దగ్గరికి తీస్కరా" అన్నాడతను.

ఆ సాయంత్రం అన్నం దగ్గర జములమ్మ మామ వైపు చూసి అంది: "మామా, నువ్వు కూడ రా. పైసలు పెట్టి తెచ్చే దాని మీద నీ చూపు పడాలె."

కిష్టయ్య ముద్ద మింగడం ఆపాడు. ఎంతకాలమైంది ఆ మాట విని. "బండి సంగతి నాకేం తెల్సు బిడ్డా" అన్నాడు గానీ, మరునాడు పొద్దున్నే ఉతికిన ధోవతి కట్టి, రుమాలు చుట్టి, అందరికంటే ముందు వాకిట్లో నిలబడ్డాడు.

బండి కోసం చివరి జత ఎద్దులను అప్పటికే పెబ్బేరులో అమ్మేశారు. కొన్నవాడు ఏబు అడగలేదు. కిష్టయ్యే పిలిచి చెప్పాడు: "జతల దాపటిది లారీ హారను వింటె బెదురుతది. రోడ్డు మీద ముక్కుతాడు దగ్గరగ పట్టుకో." అది విని కొన్నవాడు ధర కొంత తగ్గించుకున్నాడు. వెంకట్రాములు పళ్లు కొరుకుతూనే పలుపులు అప్పగించాడు. అది తండ్రి తీరు.

నాగర్‌కర్నూల్‌లో వీళ్లు చేరేసరికి అమ్మేవాడు భానుప్రకాశ్ జీపును అప్పుడే రోడ్డు మీంచి వాకిట్లోకి తిప్పుతున్నాడు. "మీరొస్తున్నరని పోయి డీజిల్ కొట్టిచ్చుకొచ్చిన" అన్నాడు దిగుతూ.

కిష్టయ్య బండి చుట్టూ తిరిగాడు. టైర్లను అరచేత్తో తట్టాడు. తలుపు తెరిచి, మూసి, ఆ చప్పుడు విన్నాడు. వంగి కడుపు కింద చూశాడు.

"పండ్లు యాడ చూస్తవు మామా దీనికి?" అంది జములమ్మ కొంగు అడ్డం పెట్టుకొని.

"ముందట జాలి ఉన్నది కాదె. చూడు, ఒక్కటి ఊడలె."

వెంకట్రాములు లోపల కూర్చొని మీటరు చూశాడు. "నాయినా, మూడున్నర లక్షల మీద తిరిగింది. మస్తు తిరిగింది."

భానుప్రకాశ్ ముఖం వాడింది. కానీ కిష్టయ్య నవ్వాడు. "తిరుగనిది ఎందుకురా, కొట్టంల కట్టేసి చూస్కోనీకా? గంత తొవ్వ నడిచి గూడ నిలవడ్డదంటె దాని బొక్కలు గట్టియి. కోడెను కొంటె కాడి నేర్పాలె. పని తెల్సిన ఎద్దుకు నేర్పే పని లేదు."

"గదే పెద్దనాయినా" అన్నాడు భానుప్రకాశ్, ఊపిరి వచ్చినట్టు. "నీకున్న తెలివి ఈ కాలపోళ్లకు యాడిది."

కిష్టయ్య బండి ముందుకు వచ్చి ఇంజను మీది రేకు మీద చెయ్యి వేశాడు. "నువ్వు గూడ వెయ్యి. ఏబు చెప్పు."

భానుప్రకాశ్ అర్థం కానట్టు చూసి, చెయ్యి వేశాడు. "నాకు తెల్సి ఏం లేదు. నేను తీస్కోనే మూడు నెలలాయె."

మూడు నెలల్లో చెయ్యి మారిన ఎద్దును ముట్టుకోకూడదు. ఈ మాట కిష్టయ్య ఎంతమందికో చెప్పి ఉంటాడు. ఇప్పుడు మాత్రం ఆయనకు సమాధానంలో మొదటి సగమే వినిపించింది. అరచేతి కింద రేకు వెచ్చగా ఉంది. ఎండ తగలని చోట నిలబెట్టిన బండి, అయినా వెచ్చగా ఉంది. బతికున్న వీపు మీద చెయ్యి వేసినట్టు అనిపించి ఆయనకు కడుపు నిండింది.

"తొవ్వలనే కద నాయినా, వనపర్తిల శ్రవణ్‌కు ఒక్కపారి చూపిద్దాం" అన్నాడు వెంకట్రాములు మెల్లగా.

"నేను చూసినంక ఇంకొకడు చూసుడేందిరా? గట్లైతె నన్నెందుకు తీస్కొచ్చినవు?"

వెంకట్రాములు భార్య వైపు చూశాడు. జములమ్మ తల దించుకుంది. పెద్దమనిషి ముఖంలో ఆ వెలుగును ఆర్పడం వాళ్లిద్దరికీ చేతకాలేదు. బేరం అక్కడే తెగింది.

కొన్నాళ్లు బండి బాగానే నడిచింది. తెల్లవారుజామున ఊరి ఆడవాళ్లంతా సద్ది గిన్నెలతో ఎక్కి ఒకరి ఒళ్లో ఒకరు కూర్చునేవాళ్లు. గుంపులో ఉమారాణి అనే మాటకారి ఉంది. "మామా, నీ ఎద్దుకు గుగ్గిళ్లు పెట్టినవా?" అని రోజూ అరుగు మీది కిష్టయ్యను కదిపి గానీ ఎక్కేది కాదు. ఊళ్లో ఇద్దరు ముగ్గురు వచ్చి పాత మోటారు సైకిళ్ల గురించి కూడా ఆయన సలహా అడిగారు. కిష్టయ్య వాటి చుట్టూ కూడా తిరిగి చూశాడు.

ఆ శనివారం ఆయన కూడా బండి ఎక్కాడు. బీచుపల్లిలో దిగి ఆంజనేయుడికి మొక్కి, వెనక్కి పెబ్బేరు సంతకు పోదామని. ముందు సీట్లో కొడుకు పక్కన కూర్చున్నాడు. పెబ్బేరు దాటి పెద్ద రోడ్డెక్కాక బండి గుక్క తిప్పుకోనట్టు లాగసాగింది. వెంకట్రాములు మీటర్ల వైపు చూసి కాలు తీశాడు. బీచుపల్లి వంతెన మీద, సరిగ్గా నది నడుమకు వచ్చేసరికి, ముందు నుంచి తెల్లటి పొగ లేచింది. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఆడవాళ్లు దిగి వంతెన అంచున వరసగా నిలబడ్డారు. లారీలు పక్క నుంచి పోతుంటే కాళ్ల కింద వంతెన కదులుతోంది.

"ఎద్దు పండుకున్నదే" అంది ఉమారాణి. ఒకరిద్దరు నవ్వారు. కిష్టయ్య కూడా నవ్వబోయాడు.

వెంకట్రాములు రేకు ఎత్తితే లోపల నీళ్లు కుతకుత ఉడుకుతున్నాయి. చల్లారనిచ్చి, ఆడవాళ్ల సీసాల్లోని నీళ్లన్నీ పోసి తిప్పాడు. కదలలేదు. బస్సులు వంతెన మీద ఆగవు. ఎర్రవల్లి వైపు పోయే ఆటోలన్నీ కిటకిటలాడుతూ వచ్చాయి. పొద్దు నది మీదికి వచ్చింది, నీళ్లు ఎర్రబడ్డాయి, తర్వాత తెల్లబడ్డాయి. అటుపక్క చేలల్లో పువ్వు విచ్చుకుంటూ ఉంటుందని అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

జములమ్మ ఫోను మోగింది. ఆసామి.

"వస్తున్నమన్నా. బండి జర పరేషాన్ చేసింది. ఇగ వస్తున్నం."

అవతల అతనేమన్నాడో తెలియదు. ఆమె ఫోను కొంగున ముడేసుకొని సద్ది గిన్నె చేతికి తీసుకుంది. చివరికి అందరూ నడిచి వంతెన దాటి, దొరికిన ఆటోల్లో ఒకరిద్దరుగా సర్దుకొని చేనుకు చేరేసరికి పువ్వు వాడిపోయింది. ముందురోజు వాళ్ల చేతులతో తొడిగిన ఎర్ర కాగితాలు చేనంతా అలాగే ఉన్నాయట. రెండో రోజుకల్లా మొగ్గలతో సహా రాలాయని, వాటి మీదుగానే వేరే గుంపు నడిచిందని తర్వాత ఉమారాణి చెప్పింది.

బండిని వేరే బండికి కట్టి వనపర్తికి లాగించారు. శ్రవణ్ కుమార్ ఇంజను విప్పి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "ఇంజను హెడ్డు ఎన్నడో పోయింది, నీళ్లు లోపలికి దిగుతున్నయి. ఎవడో పైపైన అతికిచ్చి అమ్మిండు. పొద్దున చల్లగున్నప్పుడు స్టార్టు చేస్తె తెల్లపొగ కక్కుతది, గప్పుడే దొరుకుతది. మీరు చూసినప్పుడు ఇంజను చల్లగున్నదా, వేడిగున్నదా?"

వెంకట్రాములు తండ్రి వైపు చూశాడు. కిష్టయ్య అక్కడే ఒక పాత టైరు మీద కూర్చొని ఉన్నాడు. కుడి అరచేతిని తొడ మీద వెల్లకిలా పెట్టుకొని చూసుకున్నాడు. వెచ్చగా ఉందని తెలిసింది ఈ చేతికే. నడిపించి తెచ్చిన ఎద్దును ఎదురుగా నిలబెడితే, పని తెలిసిన ఎద్దు అని పొగిడింది ఈ నోరే. తనకు తెలియని విద్య దగ్గర ఓడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

బాగు చేయిస్తే కొన్నాళ్లు నడుస్తుందన్నాడు శ్రవణ్. కొన్నాళ్లే నడిచింది. ఎక్కువ దూరం పోతే మళ్లీ ఉడుకుతోంది. అప్పటికి ఆసామి పని పోయింది, దానితో గుంపూ చెదిరింది. ఉమారాణి వాళ్లు వేరే మేస్త్రీ ఆటో ఎక్కారు. కొద్ది రోజులకు జములమ్మ కూడా అదే ఆటో ఎక్కింది, అందరిలో ఒక కూలిగా. పొద్దున పోయేటప్పుడు మామకు చాయ్ ఇచ్చేది, సాయంత్రం వచ్చి అన్నం పెట్టేది. ఒక్క మాట అనలేదు. కొడుకూ అనలేదు. మోటారు సైకిలు సలహా అడిగినవాళ్లు దారిలో ఎదురైతే వాన సంగతి మాట్లాడి పోయేవాళ్లు. కిష్టయ్య రోజూ ఆ తిట్టు కోసం ఎదురుచూశాడు. ఒకరోజు ఉండబట్టలేక, "నా మాట వినకుండ శ్రవణ్‌కు చూపిస్తె అయిపోవు" అన్నాడు తనే.

"ఐన దానికి ఏమంటం నాయినా" అన్నాడు వెంకట్రాములు. అంతటితో ఆ మాట కూడా అయిపోయింది.

చలికాలం మొదట్లో బండిని అమ్మకానికి పెట్టారు. అమ్రాబాద్ నుంచి ఒక జంట బండి చూడటానికి వస్తున్నట్టు తెలిసింది. పాల్ అనే అబ్బాయి, అతని భార్య రోజా. అడవి పక్క ఊళ్ల నుంచి జనాన్ని అచ్చంపేట అంగడికి తిప్పుకుంటారట. ఆ పొద్దున కిష్టయ్య ముందే స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. అడిగితే చెబుదాం అనుకున్నాడు. చెయ్యి వేసి, అంతా చెబుదాం.

వాకిట్లో ఇంజను చప్పుడు వినిపించింది. వెంకట్రాములు బండి స్టార్టు చేసి, వెనక నుంచి లేచిన తెల్లపొగ పలచబడేదాకా నిలబడి, తర్వాత ఊరి బయటికి ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. దిగేటప్పుడు తండ్రి కళ్లలో కళ్లు పడ్డాయి. వెంకట్రాములు చూపు తిప్పుకొని గుడ్డతో అద్దం తుడవసాగాడు. జములమ్మ ఆ రోజు పనికి పోలేదు. గడపలో చేట ముందు పెట్టుకొని కూర్చుంది. చేటలో బియ్యం ఎప్పుడో ఏరడం అయిపోయింది.

పాల్ బండి చుట్టూ తిరిగాడు. టైర్లు చూశాడు, లైట్లు వేసి చూశాడు, కాగితాలు ఫోనులో ఫొటో తీసుకున్నాడు. మీటరు చూసి పెదవి విరిచి, "మస్తు తిరిగింది గాని మాకు ఇంతకంటె పైది అందదు" అన్నాడు. రోజా లోపల సీట్లన్నింటి మీద ఒకసారి కూర్చొని చూసి, ఎవరూ చూడటం లేదనుకొని చివరి సీటును కొంగుతో తుడిచింది.

ఇప్పుడు అడుగుతాడు అనుకున్నాడు కిష్టయ్య. చెయ్యి ఇంజను రేకుకు దగ్గరగానే ఉంది. అడిగితే చాలు.

పాల్ అడగలేదు. సంత కట్టుబాటు అతనికి తెలియదు. చెప్పేవాళ్లు కూడా ఎవరూ ఉండి ఉండరు. అడగనివాడికి చెప్పకపోవడం తప్పు కాదు. జీవితంలో ఒక్కసారి కూడా వాడుకోని ఆ మాట కిష్టయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన గడప వైపు చూశాడు. జములమ్మ చేటలోంచి తల ఎత్తలేదు.

బేరం అయ్యాక వెంకట్రాములు తాళంచెవి తండ్రి చేతిలో పెట్టాడు. "మా నాయిన చేతి మీదికెళ్లి తీస్కోండ్రి. ఆయన చెయ్యి మంచిది" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో అతనికీ తెలియలేదేమో, మళ్లీ గుడ్డ తీసుకొని తుడిచిన అద్దమే తుడిచాడు.

పాల్ తాళంచెవి అందుకొని వంగాడు. రోజా కూడా వంగింది. "దీవించు తాతా."

కిష్టయ్య ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టాడు. నోరు తెరిచాడు. "చల్లగ బతుకుండ్రి" అన్నాడు.

బండి మలుపు తిరిగిన తర్వాత కూడా ఆయన వాకిట్లోనే నిలబడ్డాడు. ఊరు దాటి ఎక్కుడు రోడ్డు వస్తుంది. అక్కడ గుక్క తిప్పుకోకుండా లాగే ఆ చప్పుడు ఎవరికి వినపడినా పడకపోయినా ఆయనకు వినపడింది. వినపడకుండా పోయేదాకా విన్నాడు.

తర్వాతి శనివారం పెబ్బేరులో రేకుల కింద కూర్చొని ఉంటే కొత్తకోట నుంచి ఒకతను వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ల నాయిన చెప్పి పంపాడట, కిష్టయ్య చూపు పడకుండా ఎద్దును పట్టుకు రావద్దని. "రా తాతా, ఒక్కపారి చూసిపో. గా వేపచెట్టు కింద పండుకున్నది, తెల్లది."

కిష్టయ్య అటు చూశాడు. తెల్ల ఎద్దు అప్పుడే లేస్తోంది. మోకాళ్ల మీద ఊనింది, నడుము ఎత్తింది. కుడి ముందుకాలు నేలకు మోపేముందు అది ఒక్క క్షణం గాల్లో ఆగడం అంత దూరం నుంచి కూడా ఆయనకు స్పష్టంగా కనిపించింది.

"నాకు కండ్లు మందగిచ్చినయి బిడ్డా" అన్నాడు. "ఇంకెవరినన్న తీస్కపో."

రుమాలు దులిపి భుజాన వేసుకొని, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు.